ఖాళీ పెట్టెలో ప్రయాణికులు

డీఏ బకాయిల సంగతి మాట్లాడతాననుకున్నవారు మన్నించాలి. నేను చెప్పబోయేది బొమ్మ రైలు పెట్టె గురించి.

మనవడు తెచ్చిన ఈ స్లీపర్ పెట్టె అసలుదానిలో 87వ వంతు. పైకి ముచ్చటగా ఉంది గాని లోపల ఒట్టి డొల్ల. ఈ లెక్కన ఆరడుగుల బెర్తు 2.1 సెంటీమీటర్లు. పాత శుభలేఖల అట్ట కత్తిరించి 72 బెర్తులు చేశాను. ఎన్నో ఫైళ్లు కుట్టిన చేయే అయినా ఇప్పుడు వణుకుతోంది. రోజుకు నాలుగు మించలేదు.

మొదట క్షణంలో అంటుకునే జిగురు వాడాను. దాని ఆవిరికి కిటికీలన్నీ శుక్లాలొచ్చిన కళ్లలా తెల్లబడ్డాయి. అవి పీకేసి కొత్త ప్లాస్టిక్ వేశాను. అప్పటినుంచి ఫెవికాలే.

మనుషుల బొమ్మలతో మరో చిక్కు. బరువు కోసం అడుగున ఇనుపరేకు ఉండడంతో నేల ఎత్తయింది. సీటు కింద కాళ్లు పట్టవు. మోకాళ్ల కింద కోసేయాలి. బయటికెలాగూ కనపడవు. అలా చాలామందికి కోశాను.

1979లో బదిలీ మీద వెళుతుంటే రిజర్వేషను దొరకలేదు. మా ఆవిడ చంటిబిడ్డతో తలుపు దగ్గర ట్రంకుపెట్టె మీదే రాత్రంతా కూర్చుంది. అందుకని ఆకుపచ్చ చీర బొమ్మకు కిటికీ పక్క చోటిచ్చాను. దాని కాళ్లు కోయడానికి చేయి రాలేదు. అక్కడ నేలకే గాడి తీశాను. కనపడని కాళ్లకు ఇంత అవస్థ ఎందుకని ఆవిడే అడిగింది.

పెట్టె టీ బల్ల మీద ఉంది. పైకప్పు ఊడి వస్తుంది. పిల్లలూ, మెల్లగా తీయండి. చివరి బెర్తులు ఇంకా ఆరలేదు.