ఆపదొస్తే ఎవరి తలుపు తడతాం?

(వార్షిక మహాసభలో ఒక గ్రూపు లీడర్ మాట్లాడిన మాటలు)



నేను పదో తరగతి చదివాను. శిక్షణలో ‘సోషల్ నెట్‌వర్క్ అనాలిసిస్’ అంటే వాట్సాప్ సంగతేమో అనుకున్నాను. కాదు. మనుషుల మధ్య సంబంధాలను గీసి చూసే చదువు ఇది. మనిషికొక చుక్క, సంబంధానికొక గీత. మనం ముగ్గు వేసినట్టే. మొరీనో అనే ఆయన అమెరికాలో ఒక ఆడపిల్లల బడిలో స్నేహాలను ఇట్లాగే గీసి, 1934లో పుస్తకం వేశాడు.

మన పక్క కర్ణాటకలో కూడా చేశారు. ఆడవాళ్ళకు చిన్న అప్పులిచ్చే సంస్థ ఒకటి 43 పల్లెలకు పోయింది. ఎవరు ఎవరింటికి పోతారు, బియ్యం, కిరోసిన్ ఎవరి దగ్గర బదులు తెచ్చుకుంటారు అని ముందే అడిగి రాసుకున్నారు. అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో, వాళ్ళ తోటివాళ్ళు 2013లో ఆ ఫలితం అచ్చు వేశారు. మొదట కబురు అందినవాళ్ళ సంబంధాలు ఊరంతా అల్లుకుని ఉంటే, అక్కడ ఎక్కువమంది చేరారు. గీతలు ఎన్ని అన్నదే కాదు, అవి ఎవరి దాకా పోతున్నాయన్నది ముఖ్యం.

మా గ్రూపులో పది మందిమి. చిలకలగూడ దగ్గర మా బస్తీలో ఒక్కొక్కరినీ విడిగా అడిగాం: “అర్ధరాత్రి వెయ్యి రూపాయలు అవసరమైతే ఎవరిని అడుగుతావు?” ఏడు గీతలు నా దగ్గరికే వచ్చాయి. సంబరపడ్డాను. శిక్షణ మేడం నా చుక్క మీద బొటనవేలు పెట్టి, “ఇప్పుడు చూడు” అన్నారు. గ్రూపు ముక్కలు ముక్కలైంది. నేను ఊరికి పోతే అంతే సంగతులు.

ఇంకొక చుక్క ఒంటరిగా ఉంది. ఆమె దగ్గరికి గీత రాలేదు, ఆమె నుంచి పోలేదు. హాజరు పుస్తకంలో మాత్రం ఒక్క మీటింగు తప్పలేదు, పొదుపు ఆగలేదు. తెల్లారి వాళ్ళింటికి పోయాను. కొడుకు జబ్బుకు డైలీ ఫైనాన్స్ తెచ్చింది, కమ్మలు గిర్వీ పెట్టింది. “మమ్మల్ని ఎందుకడగలేదక్కా?” అన్నాను. “మీదంతా ఒక్క గల్లీ. నేను కిరాయికి వచ్చినదాన్ని. ఎవర్ని అడగాలె?” అన్నది. రెండేండ్లు ఆమె పక్కనే కూర్చున్నాను, నాకు తెలవలేదు.

తీర్మానం రాసి ఆమెకు అంతర్గత అప్పు ఇచ్చాం. ఇప్పుడు మీటింగు ఒక్కో నెల ఒక్కొక్కరి ఇంట్లో పెడుతున్నాం. బ్యాంకుకు కూడా నేనొక్కదాన్నే కాదు, వంతులవారీగా పోతున్నారు.

ఒక్క జాగ్రత్త. ఆ కాగితాన్ని గోడకు అంటించకండి. ఎవరికి ఎవరూ లేరో అందరికీ తెలిస్తే ఆమెకు అవమానం, ఫైనాన్సోళ్ళకు లాభం.

ఈ ఏడు ప్రతి గ్రూపూ ఒక్కసారి ఈ ముగ్గు వేసి చూడాలని కోరుతున్నాను. ఒంటరి చుక్క కనబడితే, మొదటి గీత లీడరే గీయాలి. సెలవు.