బన్సీలాల్‌పేట్‌లో సముద్రం పెట్టాలంటే: రీఫ్ ట్యాంక్ గురించి అసలు సంగతులు

రీఫ్ ట్యాంక్ మీద ఎపిసోడ్ చెయ్యమని చాలా రోజుల నుంచి అడుగుతున్నారు కదా, ఇవాళ అదే. రీఫ్ ట్యాంక్ అంటే గోల్డ్ ఫిష్, గప్పీల సంగతి కాదు. ఉప్పునీళ్లు, నారింజ రంగు క్లౌన్ ఫిష్, నీలం లైటు కింద మెల్లగా ఊగే పగడాలు. రీల్‌లో ముప్పై సెకన్లు చూస్తే ఎవరికైనా ఇంట్లో పెట్టుకోవాలనిపిస్తుంది. కానీ మనం ఉండేది బన్సీలాల్‌పేట్‌లో. సముద్రం చూడాలంటే సికింద్రాబాద్‌లో రైలెక్కి బాపట్లలో దిగాలి. ఇక్కడ చేపను కొనడం చాలా చిన్న పని. దాని సముద్రాన్ని మాత్రం వారం వారం మనమే తయారుచెయ్యాలి.

నీళ్ల దగ్గరికి వెళ్లే ముందు చట్టం సంగతి చెప్పేస్తాను. యూట్యూబ్‌లో అమెరికా వాళ్ల వీడియోలు చూసి లిస్ట్ రాసుకునేవాళ్లకి ఇది ఎవరూ చెప్పరు. మన దేశంలో వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ఉంది. 2001లో గట్టి పగడాలన్నిటినీ ఆ చట్టం షెడ్యూల్ 1లో చేర్చారు. అంటే పులి ఉన్న జాబితాలోనే. అక్రోపోరా, బ్రెయిన్ కోరల్, హ్యామర్, టార్చ్... పేరు ఏదైనా సరే, రాయిలాంటి అస్థిపంజరం కట్టేవన్నీ అందులోకే వస్తాయి. నల్ల పగడాలు, ఫైర్ కోరల్, ఆర్గాన్ పైప్, సీ ఫ్యాన్ కూడా. సముద్ర గుర్రాలూ అంతే. దొరికితే కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఏడేళ్లు జైలు. 2022 సవరణ తర్వాత జరిమానా 25 వేలకు తక్కువ ఉండదు. అమ్మినవాడికే కాదు, ఇంట్లో పెట్టుకున్నవాడికి కూడా.

"అన్నా, అది ఇంపోర్టెడ్ పీస్, ఏం కాదు" అని షాపులో అంటే నమ్మకండి. అది నోటిమాట. రేపు ఎవరైనా వచ్చి అడిగితే చూపించాల్సింది మీరు, చూపించాల్సింది కాగితం. "లైవ్ రాక్" పేరుతో అమ్మే రాళ్ల విషయంలో కూడా జాగ్రత్త. సముద్రం నుంచి తీసిన లైవ్ రాక్ చాలావరకు చచ్చిన పగడపు అస్థిపంజరమే. సెరామిక్‌తోనో సిమెంటుతోనో అక్వేరియం కోసమే తయారుచేసిన రాళ్లు తీసుకోండి. మూడు నాలుగు నెలల్లో వాటి మీద ఊదా రంగు పొర పాకుతుంది, చూస్తే తేడా తెలీదు.

మరి పగడం లేని రీఫ్ ఏం రీఫ్ అంటారా? మష్రూమ్, లెదర్ లాంటి మెత్తని పగడాల పేర్లు నేను చెప్పిన ఆ జాబితాలో లేవు. అయినా బిల్లు, దిగుమతి కాగితాలు లేకుండా తీసుకోవద్దు. అనుమానం ఉంటే అటవీశాఖను అడిగాకే డబ్బులు కట్టండి. జోయాంథిడ్ అని ఇంకో రకం ఉంటుంది, చిన్న చిన్న పువ్వుల్లా. వాటిలో కొన్నిటిలో పాలీటాక్సిన్ అనే భయంకరమైన విషం ఉంటుంది. గ్లవ్స్ లేకుండా ముట్టుకోవద్దు. అవి పట్టిన రాయిని క్లీన్ చేద్దామని వేడినీళ్లలో అస్సలు ఉడకబెట్టొద్దు. ఆ ఆవిరి పీల్చి ఇంటిల్లిపాదీ హాస్పిటల్ పాలైన సంఘటనలు విదేశాల్లో ఉన్నాయి. పిల్లలున్న ఇంట్లో అయితే వాటి జోలికే వెళ్లొద్దనేది నా సలహా.

నన్నడిగితే మొదటి ట్యాంక్‌కి ఇవి చాలు: తయారీ రాళ్లు, ఒక క్లౌన్ ఫిష్ జంట, ఒక క్లీనర్ రొయ్య, కొన్ని నత్తలు, కాస్త సముద్రపు నాచు. క్లౌన్ ఫిష్ అన్నీ మగవిగానే పుడతాయి, గుంపులో పెద్దది ఆడదిగా మారుతుంది. కాబట్టి ఒకటి పెద్దది, ఒకటి చిన్నది తీసుకుంటే జంట అదే కుదురుతుంది. హ్యాచరీలో పుట్టినవే అడగండి. మన సీఎంఎఫ్‌ఆర్‌ఐ, అంటే కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనా సంస్థ, వీటిని హ్యాచరీలో పెంచే పద్ధతి ఎప్పుడో తయారుచేసింది. అడవి చేపల కథ వేరు. సముద్రంలో సైనైడ్ చల్లి, మత్తెక్కిన చేపల్ని పట్టే పద్ధతి 1960ల్లో ఫిలిప్పీన్స్‌లో మొదలైంది. అలా పట్టిన చేప షాపులో బాగానే ఈదుతుంది, ఇంటికొచ్చాక కొన్ని రోజుల్లో పోతుంది. ఇక "డోరీ" కావాలనేవాళ్లకు ఒక్క మాట. ఆ బ్లూ ట్యాంగ్‌కి ఆరడుగుల ట్యాంక్ కావాలి. మన టూ బీహెచ్‌కే హాల్లో సోఫా తీసేస్తే తప్ప కుదరదు.

ఇప్పుడు నీళ్లు. బన్సీలాల్‌పేట్ అనగానే మెట్లబావి గుర్తొస్తుంది. ఏళ్లకేళ్లు చెత్తతో పూడిపోయిన బావి అది. బాగుచేశాక 2022 డిసెంబరులో మళ్లీ తెరుచుకుంది. నీళ్లను పట్టించుకోకపోతే ఏమవుతుందో, పట్టించుకుంటే ఏమవుతుందో రెండూ చూసిన పేట మనది. అందుకే రీఫ్ ట్యాంక్‌కి ఎన్ని నీళ్లు పడతాయో ముందే లెక్క కడదాం.

నల్లా నీళ్లలో క్లోరిన్ ఉంటుంది. బోరు నీళ్లు గ్రానైట్ రాయిలోంచి వస్తాయి, టీడీఎస్ ఎక్కువ. రెండూ నేరుగా పనికిరావు. ఇంట్లో తాగే ఆర్వో ఉంది కదా అంటారు. దాంట్లో రుచి కోసం టీడీఎస్ కొంచెం మిగులుస్తారు, మీటర్ పెట్టి చూడండి, యాభయ్యో వందో వస్తుంది. రీఫ్‌కి సున్నా కావాలి. ఆర్వో తర్వాత డీఐ రెజిన్ అనే ఇంకో ఫిల్టర్ పెడితేనే సున్నా వస్తుంది. మిగిలిన మలినం ఏం చేస్తుంది? నైట్రేట్, ఫాస్ఫేట్ నాచుకి ఎరువవుతాయి. రాగి అయితే కొంచెం ఉన్నా రొయ్యలు, నత్తలు చచ్చిపోతాయి.

150 లీటర్ల ట్యాంక్ అనుకోండి. వారానికి పది శాతం మార్చాలి, అంటే 15 లీటర్లు. మన ఎండాకాలంలో ఫ్యాన్ పెడితే రోజుకి రెండు మూడు లీటర్లు ఆవిరైపోతాయి, వారానికి ఇంకో ఇరవై. మొత్తం 35 లీటర్ల స్వచ్ఛమైన నీళ్లు. లీటరుకి మూడు లీటర్లు ఆర్వో వేస్ట్ పోతుందనుకుంటే, వారానికి వంద లీటర్ల పైనే. ట్యాంకర్ కోసం లైన్లో నిలబడే రోజుల్లో ఆ వంద లీటర్లు మోరీలోకి వదలడం నాకు ఒప్పదు. డ్రమ్ములో పట్టి బట్టలకి, ఇల్లు తుడవడానికి, బాత్రూముకి వాడండి. ఇంట్లో అమ్మ దగ్గర పర్మిషన్ కూడా ఈజీగా వస్తుంది.

ఉప్పు సంగతి. వంటింటి ఉప్పు కాదు, కల్లుప్పు కూడా కాదు. వాటిలో కాల్షియం, మెగ్నీషియం సరిపడా ఉండవు. రీఫ్ సాల్ట్ అనే అమ్ముతారు, లీటరుకి 36 గ్రాముల దాకా పడుతుంది. మన లెక్కలో నెలకి రెండు కిలోలకు పైనే. లవణీయత 35 దగ్గర ఉండాలి, రిఫ్రాక్టోమీటర్‌తో చూడాలి. ఇక్కడ ఒక పాయింట్: ఆవిరయ్యేది నీళ్లే, ఉప్పు కాదు. కాబట్టి తగ్గిన నీళ్లకు ఉప్పునీళ్లు పోస్తే రోజురోజుకీ చిక్కబడుతుంది. ఉత్త ఆర్వో-డీఐ నీళ్లే పొయ్యాలి.

నీళ్లు పోసిన రోజే చేపలు వెయ్యడం కుదరదు. చేప మలం, మిగిలిన మేత కుళ్లి అమ్మోనియా వస్తుంది. దాన్ని ఒక రకం బ్యాక్టీరియా నైట్రైట్‌గా, ఇంకో రకం నైట్రేట్‌గా మారుస్తాయి. ఆ బ్యాక్టీరియా రాళ్ల మీద స్థిరపడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు. ఖాళీ ట్యాంక్‌లో కొంచెం అమ్మోనియా వేస్తూ, టెస్ట్ కిట్‌తో చూస్తూ ఉండాలి. అమ్మోనియా, నైట్రైట్ రెండూ ఒక్క రోజులో సున్నాకి దిగుతున్నాయంటే రెడీ. ఖాళీ గాజుపెట్టె ఏంట్రా అని చుట్టాలు నవ్వుతారు, నవ్వనివ్వండి.

ఇక వేడి, కరెంటు. ట్యాంక్ 25 నుంచి 27 డిగ్రీల మధ్య ఉండాలి. మేలో బయట 40 దాటుతుంది. నీళ్ల మీదికి గాలి కొట్టే చిన్న ఫ్యాన్‌తో రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. రేకుల ఇల్లు, పై అంతస్తు అయితే అది చాలదు, చిల్లర్ కావాలి. దాని ధరతో పాటు బిల్లు కూడా లెక్కేసుకోండి: సగటున వంద వాట్లు ఇరవై నాలుగు గంటలు లాగితే నెలకి 72 యూనిట్లు. డిసెంబరు రాత్రుల్లో మళ్లీ హీటర్ అవసరమవుతుంది.

కరెంటు పోతే లైటు గురించి కంగారు పడొద్దు, ఒక రోజు చీకటైనా ఏమీ కాదు. నీళ్లు కదలకపోతేనే ప్రమాదం. వేడి నీళ్లలో ఆక్సిజన్ ముందే తక్కువ, కదలిక ఆగితే ఎండాకాలంలో కొన్ని గంటలే టైమ్. వేవ్‌మేకర్ ఒక్కదాన్ని ఇన్వర్టర్ మీద పెట్టండి. ఇన్వర్టర్ లేకపోతే బ్యాటరీ ఎయిర్ పంపు కొని పక్కన ఉంచుకోండి. ఇంకా ముఖ్యమైనది: ఉప్పునీళ్లలో కరెంటు ఇట్టే పాకుతుంది. ట్యాంక్ లైనుకి 30 మిల్లీయాంప్ ఆర్‌సీసీబీ, సరైన ఎర్తింగ్ లేకుండా ప్లగ్గు పెట్టొద్దు. వైరు ప్లగ్గు కన్నా కిందికి వేలాడి మళ్లీ పైకి వెళ్లేలా ఉంచితే, కారిన చుక్క సాకెట్‌లోకి పోకుండా కింద పడిపోతుంది. చెయ్యి నీళ్లలో పెట్టే ముందు స్విచ్ ఆఫ్ చెయ్యండి.

కిరాయి ఇంట్లో ఉంటే ఓనరుకి ముందే చెప్పండి. నీళ్లే 150 కిలోలు, రాళ్లు, గాజు, స్టాండ్ కలిపితే రెండొందలు దాటుతుంది. పాత ఇళ్లలో గది మధ్యలో కాకుండా బలమైన గోడ పక్కన పెట్టాలి.

కొత్త చేప తెస్తే వేరే చిన్న ట్యాంక్‌లో కొన్ని వారాలు ఉంచాకే లోపల వెయ్యండి. తెల్ల మచ్చల జబ్బుకి రాగి మందు వాడతారు, అది మెయిన్ ట్యాంక్‌లో పోస్తే రొయ్యలు, నత్తలు పోతాయని ఇందాకే చెప్పాను.

వచ్చే ఎపిసోడ్‌లో ట్యాంక్ కింద పెట్టే సంప్ కట్టి చూపిస్తాను. దానికి కావాల్సిన పైపులు, వాల్వులు రాణిగంజ్‌లో కొందాం. ట్యాంక్ ఎక్కడ పెట్టాలనుకుంటున్నారో, మీ నల్లా నీళ్ల టీడీఎస్ ఎంతో ఈలోపు కొలిచి పెట్టుకోండి. ఉంటాను.