ఇంటి వద్ద టీ షర్టులకు ముడి అద్దకము

(రైతు మహిళల శిక్షణ శిబిరంలో గృహవిజ్ఞాన విభాగం తరఫున చేసిన ప్రసంగ పాఠము)



వ్యవసాయ విశ్వవిద్యాలయం వారు ఏర్పాటు చేసిన సభలో వరి గురించో, పెసర గురించో చెప్పకుండా చొక్కాలకు రంగులు వేయడం గురించి చెప్పడమేమిటని మీలో కొందరికి అనిపించవచ్చును. కోతలు అయిపోయి, మళ్ళీ నారు పోసేదాకా కాస్త తీరిక దొరికే రోజులివి. ఆ తీరికలో ఇంట్లోని తెల్ల టీ షర్టులకు రంగులు అద్ది పిల్లలకు తొడగవచ్చును. పని చేతికి వచ్చిన తరువాత నాలుగు అమ్ముకొనవచ్చును కూడా. అయితే అమ్మకం మాట తరువాత. ముందు రంగు నిలవవలెను. ఈ మాట నేను నష్టపోయి నేర్చుకున్నాను గనుక ముందుగా ఆ సంగతే చెబుతాను.

కొన్ని ఏళ్ళ కిందట ఒక గ్రామంలో పన్నెండు మంది స్త్రీలకు ఈ పని నేర్పాను. పట్నంలో దొరికిన కాగితపు పొట్లాల రంగులు తెప్పించి, నీళ్ళు మరిగించి, ఉప్పు వేసి ఇరవై నాలుగు చొక్కాలు అద్దాము. తీగ మీద ఆరవేసినప్పుడు చూడముచ్చటగా ఉన్నాయి. తిరునాళ్ళలో అన్నీ అమ్ముడుపోయాయి. నాలుగవ రోజున ఒక తల్లి తన కుమారుని బడి చొక్కా పట్టుకొని వచ్చింది. మా ఎర్ర చొక్కాతో కలిపి నానవేసినందుకు ఆ తెల్ల చొక్కా గులాబి రంగుకు తిరిగింది. ఆ తరువాత మరి ముగ్గురు వచ్చారు. స్త్రీలు మారుమాట లేకుండా డబ్బు తిరిగి ఇచ్చారు. మళ్ళీ ఆ పని జోలికి పోలేదు. తప్పు వారిది కాదు, నేర్పిన నాది. ముడి ఎట్లా కట్టవలెనో చెప్పానే గాని, ఏ రంగు ఏ గుడ్డను పట్టుకొంటుందో, ఎందుకు పట్టుకొంటుందో చెప్పలేదు.

ముడివేసి రంగులో ముంచడం మనకు కొత్త విద్య కాదు. గుడ్డలో కొంత భాగాన్ని గట్టిగా కట్టితే అక్కడికి రంగు పోదు. విప్పితే తెలుపు మిగులుతుంది. గుజరాతు, రాజస్థాను వారు నేసిన గుడ్డను చిటికెడు చిటికెడుగా కట్టి బాంధనీ చేస్తారు. మన పోచంపల్లి, పుట్టపాక నేతగాండ్లు గుడ్డను గాక నూలునే కట్టి, రంగులో ముంచి, ఆపైన నేస్తారు. దీనిని చిటికి పని అంటారు. చీరాలలోను, పుట్టపాకలోను పేరుపడిన తేలియా రుమాలుకు నూలును ఆముదపు కాయల బూడిద నీటిలోను, నూనెలోను రోజుల తరబడి నానబెట్టి పిసుకుతారు. పుట్టపాక తేలియా రుమాలుకు 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ శ్రమ అంతా ఎందుకంటే, ఎరుపు నూలును వదలకుండా ఉండడానికే. రంగు వేయడం ఒక పూట పని అయితే, రంగును నిలపడం పది రోజుల పని అని వారికి బాగా తెలుసును.

మనకు ఇప్పుడు పది రోజులు అక్కరలేదు. రియాక్టివ్ రంగులని ఒక జాతి రంగులు ఉన్నాయి. 1954లో ఇంగ్లండులో రాటీ, స్టీఫెన్ అనే ఇద్దరు రసాయన శాస్త్రజ్ఞులు వీటి కిటుకు కనిపెట్టారు. 1956లో ప్రోసియాన్ అన్న పేరుతో అవి అంగడికి వచ్చాయి. మామూలు పొట్లాల రంగు నూలు పోగులో దూరి ఊరికే కూర్చొంటుంది. నీరు తగిలితే కొంచెం కొంచెంగా లేచిపోతుంది. రియాక్టివ్ రంగు అట్లా కాదు, క్షారం తోడైనప్పుడు నూలుతో రసాయనికంగా ముడిపడిపోతుంది. మనం దారంతో కట్టిన ముడిని మనమే విప్పుతాము. ఈ ముడి మాత్రం ఉతుకులకు విడిపోదు. రంగుల అంగడిలో 'కోల్డ్ బ్రాండు రియాక్టివ్' రంగులని అడగవలెను. వేడి మీద పనిచేసే రకాలు వేరుగా ఉన్నాయి, అవి మనకు వద్దు.

పసుపుతో వేయకూడదా అని క్రిందటి శిబిరంలో ఒక పెద్దమ్మ అడిగారు. వేయవచ్చును గాని, పసుపు ఎండకు వెలుస్తుంది, సబ్బు తగిలితే ఎర్రబడుతుంది. ఇంట్లో ముచ్చటకు సరే, అమ్మే సరుకుకు పనికిరాదు.

ఇక గుడ్డ సంగతి. ఈ రంగు నూలు గుడ్డకు బాగా పడుతుంది. అంగడిలో తెల్లగా, నున్నగా, చవకగా కనిపించే టీ షర్టులలో చాలావాటిలో పాలిస్టరు కలిసి ఉంటుంది. అట్టి గుడ్డకు రంగు వెలవెలబోతుంది. అంతా పాలిస్టరే అయితే కడిగినప్పుడు మొత్తం పోతుంది. మెడ దగ్గరి చీటీ మీద నూటికి నూరు పాళ్ళు కాటన్ అని ఉండవలెను. చీటీ లేకపోతే లోపలి అంచు నుండి ఒక పోగు లాగి అగ్గిపుల్లతో కాల్చి చూడండి. నూలు కాగితంవలె కాలి మెత్తని బూడిద అవుతుంది. పాలిస్టరు కరిగి నల్లని గట్టి పూస అవుతుంది. పోగు గుడ్డలోనిదే కావలెను సుమా, కుట్టులోనిది కాదు. కుట్టు దారం సాధారణంగా పాలిస్టరే గనుక అద్దిన తరువాత కుట్లు తెల్లగానే మిగులుతాయి. అది మీ తప్పనుకొని దిగులుపడవద్దు. కొత్త చొక్కాకు గంజి, నూనె జిడ్డు ఉంటాయి. ఒకసారి వేడినీటితో, సబ్బుతో ఉతికి పిండవలెను.

క్షారం అన్నాను గదా, అది మనం ఎరిగిన బట్టల సోడాయే. తినే సోడా వేరు, దానితో పని జరగదు. బట్టల సోడా రెండు రూపాలలో దొరుకుతుంది. పొడిగా తెల్లని పిండివలె ఉండేది సోడా యాష్. గాజు పలుకులవలె ఉండేదానిలో సగానికి పైగా నీరే. అయిదు లీటర్ల నీటికి పిండి సోడా అయితే పావు కిలో చాలును. పలుకుల సోడా అయితే దానికి రెండున్నర రెట్లకు పైగా, అంటే రమారమి 675 గ్రాములు వేయవలెను. తూకం దగ్గర అశ్రద్ధ చేస్తే ఎంత మంచి రంగు అయినా కడుగులో పోతుంది.

ఇప్పుడు కట్టడం. చొక్కా తడిగా, నీరు కారకుండా ఉండవలెను. బల్ల మీద పరచి నడుమ చిటికెడు గుడ్డ పట్టి మెలితిప్పుతూ పోతే చుట్టూ మడతలు పడి, చివరకు చుట్టకుదురువలె గుండ్రంగా తయారవుతుంది. దానిని మూడు దారాలతో అడ్డంగా కట్టితే విప్పినప్పుడు సుడి కనిపిస్తుంది. చారలు కావలెనంటే చీర కుచ్చెళ్ళు పోసినట్లు మడతలు పెట్టి, జానెడుకొక కట్టు వేయండి. ఉంగరాలు కావలెనంటే గుడ్డ లోపల ఒక చింతగింజను పెట్టి, పైనుండి కట్టి బిగించవలెను. శనగలు వాడవద్దు, నానితే ఉబ్బుతాయి. గింజకు కింద మరి రెండు కట్లు వేస్తే ఒకదానిలో ఒకటిగా మూడు ఉంగరాలు వస్తాయి. పాత సైకిలు ట్యూబును సన్నని పేలికలుగా కోసి కట్టితే దారం కంటె బాగా పట్టుకొంటుంది, నీరు చొరనివ్వదు. పోచంపల్లి ప్రాంతంలో నూలు కట్టడానికి ఈ రబ్బరు పేలికలే వాడతారు. కట్టు వదులైతే రంగు కిందికి దూరి తెలుపంతా మురికిగా కనిపిస్తుంది. కూతురి జడ చివర ఎంత బిగువుగా కడతారో అంతకంటె ఒక పిసరు ఎక్కువ బిగించండి.

చాలామంది గుడ్డను ముందు సోడాలో నానబెట్టి, ఆ తరువాత కట్టమంటారు. సోడా చర్మాన్ని కొరుకుతుంది. రబ్బరు తొడుగులతో సన్న ముడులు పడవు. అందుచేత నేను ఉత్త తడి మీదనే కట్టించి, ఆ మూటను సోడా నీటిలో అరగంట ఉంచుతాను. తరువాత తొడుగులు వేసుకొని పిండవలెను.

రంగు పొడి రెండు చిన్న చెంచాలను పావు లీటరు నీటికి కలపవలెను. మొదట కొద్ది నీటితో ముద్ద చేసి, ఆ తరువాత పలుచన చేస్తే ఉండలు కట్టదు. నలుపుకు రెట్టింపు పొడి పడుతుంది. పెద్దవాళ్ళ చొక్కాకు అన్ని రంగులూ కలిసి రమారమి పావు లీటరు నీరు సరిపోతుంది. రంగు సీసాలో సోడా కలపకూడదు. కలిపితే రంగు గుడ్డకు బదులు నీటితోనే ముడిపడి, కొద్ది గంటలలో సత్తువ పోతుంది. మూతకు చిన్న రంధ్రం చేసిన సీసాతో మడతల లోపలికి దిగేట్లు, రెండు వైపులా పోయవలెను. పసుపుపచ్చ పక్కన నీలం పోస్తే నడుమ ఆకుపచ్చ దానంతట అదే వస్తుంది. ఎరుపు పక్కన ఆకుపచ్చ పోస్తే మట్టి రంగు వస్తుంది. మొదటిసారి రెండు రంగులతో ఆగండి.

రంగులో యూరియా కలపమని కొందరు చెబుతారు. నిజమే, అది తడిని నిలుపుతుంది. అంతమాత్రాన పొలానికి తెచ్చిన బస్తా విప్పకండి. 2015 నుండి మన దేశంలో తయారయ్యే యూరియాకంతటికీ వేపనూనె పూత తప్పనిసరి; ఆ జిడ్డు రంగుకు మంచిది కాదు. పైగా రాయితీ ఎరువును వేరు పనికి వాడడం నిబంధనలకు విరుద్ధం. మూటను ప్లాస్టిక్ సంచిలో చుట్టి నీడలో ఒక పగలు, ఒక రాత్రి ఉంచితే యూరియా లేకుండానే తడి నిలుస్తుంది. చలి దేశాల వారు వెచ్చదనం కోసం తంటాలు పడతారు. మనకు ఆ బాధ లేదు. ఆరిపోకుండా చూచుకొంటే చాలును.

మరునాడు మూటను విప్పకుండానే చన్నీటిలో జాడించండి. తెరలు తెరలుగా రంగు పోతుంది. భయపడకండి, గుడ్డకు అంటని రంగు అది. నీరు కొంత తేరిన తరువాత కట్లు విప్పి మళ్ళీ జాడించి, చివరకు సబ్బు వేసిన బాగా వేడి నీటిలో నానబెట్టి ఉతకవలెను. ఇది ఒకసారితో అయ్యే పని కాదు, మూడు నాలుగు సార్లు పడుతుంది. నీరు తెల్లగా వచ్చినదాకా ఆగవద్దు.

ఆ తరువాత పరీక్ష. తెల్లని తడి గుడ్డపేలికను చొక్కా మీద వేసి గట్టిగా రుద్దండి. ఆ పేలికనూ చొక్కానూ కలిపి వేడి సబ్బునీటిలో అరగంట నానవేయండి. పేలిక తెల్లగా ఉంటే అమ్మండి. రంగు అంటితే మళ్ళీ ఉతికి, మళ్ళీ పరీక్షించండి. అప్పటికీ అంటుతూంటే మీ ఇంట్లో విడిగా ఉతుక్కొని వాడుకొనండి, బయటికి ఇవ్వవద్దు. ఆ ఇరవై నాలుగు చొక్కాలకు ఈ ఒక్క పేలిక పరీక్ష చేసి ఉంటే ఆ పన్నెండు మంది ఈనాటికీ ఈ పని చేస్తూ ఉండేవారేమో.

జాగ్రత్తలలో ముఖ్యమైనది పొడి. రియాక్టివ్ రంగు పొడి గాలిలో లేచి ఊపిరితిత్తులలోకి పోతే కొందరికి ఉబ్బసం వస్తుంది. ఒకసారి పడకపోతే తరువాత రవ్వంత తగిలినా పడదు. మూతికి, ముక్కుకు సరిగా అమరే మాస్కు కట్టుకొని, ఫ్యాను ఆపి, పిల్లలను దూరంగా పంపి పొడి కలపండి. ఉబ్బసం ఉన్నవారు ఈ పని మరొకరికి అప్పగించవలెను. ఇందుకు వాడిన చెంచా, గిన్నె మళ్ళీ వంటింటి గడప తొక్కరాదు. కడిగాము గదా అనవద్దు.

మిగిలిన నీటి సంగతి రైతు కుటుంబాలకు వేరే చెప్పనక్కరలేదనుకొంటాను గాని, చెబుతాను. చౌడు నేల పాడయ్యేది సోడియం లవణాల వల్లనే. మన బకెట్టులో ఉన్నది కూడా అదే. దానిని కూరగాయల మడిలో పోస్తే చేతులారా చౌడు చేసుకొన్నట్లే. రంగు నీటి వల్ల తమిళనాడులో తిరుప్పూరు దిగువన నొయ్యల్ నది, ఆ నీటి మీద ఆధారపడిన పొలాలు చెడిపోయాయి. 2011లో అక్కడి అద్దకపు కర్మాగారాలను మూయించవలసిందని మద్రాసు హైకోర్టు ఉత్తరువు చేసింది. మనది బకెట్టు పనే గాని, ఇరవై ఇళ్ళు వారం వారం చేస్తే బకెట్టు పని కాదు. సోడా నీటిని పారబోయకుండా మూత ఉన్న డబ్బాలో దాచండి; మళ్ళీ మళ్ళీ వాడవచ్చును. మిగిలిన రంగు నీటిని చిన్న చేతిరుమాళ్ళకు పోసి అయిపోగొట్టండి. కడిగిన నీరు సబ్బు నీరు పోయే కాలువలోకే పోవలెను. బావి దగ్గర, చెరువు గట్టున, పశువుల తొట్టి పక్కన ఈ పని పెట్టుకొనవద్దు.

తడిపి పిండిన చొక్కాలు వరండాలో బల్ల మీద ఉన్నాయి. చింతగింజలు, ట్యూబు పేలికలు పక్కనే పెట్టాము. మనిషికి ఒకటి చొప్పున తీసుకొని కట్టండి. రేపు ఉదయం తొమ్మిది గంటలకు అందరి ఎదుటా జాడించి, పేలిక పరీక్ష కూడా ఇక్కడే చేద్దాము.