లండను పాతాళ రైలు: జనసమ్మర్దమున మర్యాద



మన తిరుపతి, చిత్తూరు సీమలనుండి చదువులకును, ఉద్యోగములకును విదేశములకు పోయిన బిడ్డలు నేఁడు పెక్కండ్రు. వారిని చూచి వచ్చుటకు తల్లిదండ్రులును సముద్రము దాఁటుచున్నారు. అట్లు లండను చేరినవారిలో కొందఱు అచ్చటి రైళ్ల రద్దీకి వెఱచి, నెలలకొలఁది గడప దాఁటక, కిటికీకడ కూర్చుండి మరలి వత్తురు. ఆ బెదురు తీర్చుటకును, ఆ రద్దీనుండి మనము నేర్వఁదగిన విషయమొకటి తెలుపుటకును ఈ ప్రసంగము.

ఆ నగరమున భూగర్భమునందు రైలు మొదట నడచినది 1863వ సంవత్సరము జనవరి 10వ తేదీని. ప్యాడింగ్టను మొదలుకొని ఫారింగ్డను వఱకు ఆవిరిబండి సొరంగములో పొగ గ్రక్కుచు పోయెడిది. 1890లో విద్యుచ్ఛక్తితో నడచు బండ్లు ప్రవేశించిన పిమ్మట క్రమముగా పొగబాధ తొలఁగినది. నేఁడు పదునొకండు మార్గములును, 272 స్టేషనులును కలవు. పాతాళ రైలని పేరే కాని, మార్గములో సగమునకు పైగా నేలమీఁదనే యున్నది.

ఆంగ్లము రానివారికి దారి యెట్లు తెలియును? ప్రతి మార్గమునకును ఒక రంగు కలదు. సెంట్రలు మార్గము ఎఱుపు, నార్తరను నలుపు, విక్టోరియా లేఁతనీలము. హారీ బెక్ అనునాతఁడు 1931లో గీచిన పటము 1933లో అచ్చుపడినది. అందు దూరములు నిజప్రమాణమున నుండవు. ఏ స్టేషను పిదప ఏది వచ్చును, బండి యెచ్చట మారవలెను అనునదియే యుండును. దిగవలసిన స్టేషను పేరును బిడ్డలచేత చీటిపై వ్రాయించి కొంగున ముడివేసికొన్నచో ధైర్యముగా పోవచ్చును. ఉదయము తొమ్మిదిన్నర దాఁటిన పిదప బయలుదేరినచో ఉద్యోగుల రద్దీయు కొంత తగ్గును.

రద్దీవేళ పెట్టెలో భుజమును భుజమును రాచుకొనును. అయినను దిగువారు దిగినపిదపనే ఎక్కువారు ఎక్కుట అచ్చటి మర్యాద. కదలుమెట్లపై నిలుచువారు కుడిప్రక్క నిలిచి, వడిగా పోవువారికి ఎడమప్రక్క విడుతురు. వృద్ధులకును, గర్భిణులకును, అంగవైకల్యము గలవారికిని కొన్ని ఆసనములు ప్రత్యేకింపఁబడినవి.

ఇట్టి కట్టుబాటు ప్రాణములతో ముడిపడినదని ఆ నగరము కన్నీటితో తెలిసికొన్న దినమొకటి కలదు. 1943వ సంవత్సరము మార్చి 3వ తేదీ, యుద్ధకాలము. బెత్నల్ గ్రీన్ స్టేషనులో జనులు బాంబులనుండి తలదాఁచుకొనుచుండిరి. ఆ రాత్రి ప్రమాదసూచిక మ్రోగినది. సమీపమున ఎన్నఁడును వినని ఫిరంగిధ్వని వినవచ్చినది. జనులు వడివడిగా మెట్లు దిగుచుండఁగా క్రింద ఒక స్త్రీ తొట్రిల్లి పడినది. ఆమెపై ఒకరు, వారిపై మఱియొకరు పడిరి. ద్వారము ఒక్కటే, దీపము మసక, మెట్ల నడుమ పట్టుకొనుటకు కమ్మి లేదు. 173 మంది ఊపిరాడక మరణించిరి. వారిలో 62 మంది పిల్లలు. అచ్చట ఒక్క బాంబైనను పడలేదు.

ఈ కథ మనకు దూరమైనది కాదు. 2025వ సంవత్సరము జనవరి 8వ తేదీ రాత్రి మన తిరుపతిలోనే వైకుంఠద్వార దర్శనపు టోకెన్లకై కూడిన భక్తులలో తొక్కిసలాట జరిగి ఆఱుగురు అసువులు బాసిరి.

ఇట్టి చోట్ల ఒకరిని చంపవలెనని ఎవరును త్రోయరు. ముందు పడినవారు వెనుకవారికి కనఁబడరు. వెనుక వేయిమంది వేయు అరయడుగు ముందున్నవాని ఎదురొమ్మున బండరాయియగును. ముందువాఁడు ఆఁగఁదలఁచినను ఆఁగలేఁడు, ఆఁగఁగలవాఁడు వెనుకవాఁడే. ద్వారములును, కమ్మీలును, దీపములును అమర్చుట అధికారుల విధి. అరయడుగు ఆఁగుట మన విధి. ఒత్తిడిలో చిక్కినవారు చేతులను ఎదురొమ్మునకు ముందు మడిచి ఊపిరికి చోటు నిలుపుకొనవలెను. ఎదురు పోక, మెల్లగా ప్రక్కకు తొలఁగవలెను. పడినవానిని వెంటనే లేపవలెను.

పెద్దలారా, గంగజాతరలోనైనను, బస్సు ఎక్కుచోటనైనను మీ మాటకు విలువ కలదు. “దిగువారిని దిగనిండు, వెనుకనుండి త్రోయకుఁడు” అని మీరు ముందుగా పలికినచో పడుచువారు విందురు. దేవుఁడు గర్భాలయమున కదలక నిలిచియే యున్నాఁడు. మనము గడియ యాలసించి చేరినను ఆయన దర్శనము తప్పిపోదు.