అన్యదేశములో దొరికిన అంగీ

(వాక్యభాగము: అపొస్తలుల కార్యములు 28:1–10)

 

నేటి ధ్యానమునకు అపొస్తలుల కార్యముల గ్రంథము 28వ అధ్యాయము, మొదటి పది వచనములను తీసుకొందాము. బైబిలు దగ్గర ఉన్నవారు తెరచి ఉంచుకొనండి.

సుమారు క్రీ.శ. 60వ సంవత్సరము. పౌలు ఖైదీగా రోమాకు వెళ్లుచున్నాడు. ఊరకులోను అనే పెనుగాలి ఓడను పట్టుకొన్నది. పదునాలుగు రాత్రులు సముద్రములో కొట్టుకొనిపోయారు. ఓడలో ఉన్నవారు 276 మంది. సరుకులు పారవేశారు, ఓడ సామగ్రి పారవేశారు, చివరికి తినే గోధుమలు కూడా పారవేశారు. ఓడ బద్దలైంది. ఈత వచ్చినవారు ఈదుకొంటూ, రానివారు పలకలు పట్టుకొని ఒడ్డు చేరారు. అందరి ప్రాణములు దక్కినవి. మరి సామాను సంగతి? పలక పట్టుకొని గట్టెక్కినవాని చేతిలో ఇంకేమి మిగులుతుంది? తడిసిన బట్ట తప్ప ఏమీ లేదు. పైన వర్షము, చలి. చేరినది ఊరు పేరు కూడా తెలియని చోటు.

అది మెలితే ద్వీపము. నేడు దానిని మాల్టా అంటున్నాము. అక్కడివారిని మన తెలుగు బైబిలు అనాగరికులు అని పిలిచింది. లూకా వ్రాసిన గ్రీకు మాట బార్బరోయ్. గ్రీకు భాష రానివారిని గ్రీకులు ఆ పేరుతో పిలిచేవారు. ఆ ద్వీపవాసుల భాష ఫేనీకేవారి భాషకు చెందినది. అంటే వారి మాట వీరికి రాదు, వీరి మాట వారికి రాదు. అయినా వారు చేసిన మొదటి పని ఏమిటో చూడండి. ఎవరు మీరు, ఏ జాతి, ఏ దేవుని కొలుస్తారు అని అడుగలేదు. మంట వేసి, 276 మందిని దాని చుట్టూ చేర్చుకొన్నారు.

ప్రియులారా, ఈ భాగములోనుండి మూడు సంగతులు మనము నేర్చుకొందాము.

మొదటిది, ప్రయాణములో వచ్చే ఆపద మనిషిమీద దేవుడిచ్చిన తీర్పు కాదు. పౌలు పుల్లలు ఏరి నిప్పులమీద వేయగా సర్పము అతని చేయి పట్టుకొన్నది. ద్వీపవాసులు వెంటనే ఇతడు నరహంతకుడు, సముద్రము విడిచినా న్యాయము విడువలేదు అనుకొన్నారు. కొంతసేపటికి అతడు పడిపోకపోవడము చూసి, ఇతడు దేవత అన్నారు. రెండు మాటలూ తప్పే. పౌలు హంతకుడు కాడు, దేవతా కాడు. చలికి పుల్లలు ఏరుకొంటున్న దేవుని సేవకుడు.

మన ఊళ్లలోనూ ఈ అలవాటు ఉన్నది. ఎవరికైనా దారిలో కష్టము వస్తే, "బయలుదేరిన వేళ మంచిది కాదు" అని ఒకరంటారు, "లోపల ఏదో పాపము ఉండి ఉంటుంది" అని ఇంకొకరంటారు. కొరింథీయులకు వ్రాసిన రెండవ పత్రిక 11వ అధ్యాయములో పౌలు అప్పటికే మూడుమార్లు ఓడ పగిలిన శ్రమ పడ్డానని చెప్పుచున్నాడు. ఆ పత్రిక మెలితే ప్రయాణమునకు ముందు వ్రాసినది. అంటే ఇది తక్కువలో తక్కువ నాలుగవసారి! సువార్త పనిమీద తిరిగినవానికే నాలుగుసార్లు ఓడ పగిలితే, మన పెట్టె ఒకటి పోయినంత మాత్రాన దేవుడు మనలను విడిచెనని అనుకొందుమా?

రెండవది, దేవుడు మనకు చేయు సహాయము చాలాసార్లు మనము ఎదురుచూడని చేతులలోనుండి వస్తుంది.

2018 ఫిబ్రవరిలో ముప్పది మందికి పైగా విశ్వాసులతో కలిసి పరిశుద్ధ దేశ యాత్రకు వెళ్లాము. మాలో కోనసీమనుండి వచ్చిన డెబ్బది ఏండ్ల తల్లిగారు ఒకరు ఉన్నారు. అర్ధరాత్రి జోర్దాను రాజధాని అమ్మానులో దిగాము. అందరి పెట్టెలూ వచ్చాయి, ఆమెది రాలేదు. "అయ్యగారూ, ఆ పెట్టెలోనే నా స్వెట్టరు, నా బి.పి. బిళ్లలు, బల్ల తీసుకొనేటప్పుడు కట్టుకుందామని కొన్న తెల్లచీర ఉన్నాయండీ" అన్నారు. అమ్మాను కొండలమీది పట్టణము. ఫిబ్రవరి రాత్రి చలి ఎముకలకు పట్టేస్తుంది. ఆమె ఒంటిమీద నూలుచీర, చెవులకు చుట్టుకొన్న తువాలు. అంతే.

ఫిర్యాదు వ్రాయించి బసకు చేరాము. అక్కడ గదులు శుభ్రపరచే ఒక ముస్లిం స్త్రీ, పాలస్తీనానుండి వచ్చి జోర్దానులో స్థిరపడిన కుటుంబములోని ఆమె, వణుకుతున్న ఈ తల్లిని చూసింది. ఆమెకు తెలుగు రాదు, ఈమెకు అరబీ రాదు. వెళ్లి తన ఇంటినుండి ఒక మందపాటి పొడవాటి అంగీ తెచ్చింది. దానిని వారు తోబ్ అంటారు. రొమ్ము భాగమంతా ఎర్రదారముతో కుట్టుపని. ఒకప్పుడు ఆ కుట్టు చూసి ఈమె ఫలానా ఊరి స్త్రీ అని చెప్పగలిగేవారట. ఆ కుట్టుకళను యునెస్కో 2021లో మానవజాతి వారసత్వముగా గుర్తించింది. ఆమె తన చేతులతో తల్లిగారికి తొడిగి, బొత్తాము పెట్టి, బుగ్గమీద ముద్దుపెట్టి వెళ్లింది. ఉదయాన్నే మా గైడు, తల్లిగారి కుమారుడు ఫోనులో పంపిన చీటీ చూపించి మందుల దుకాణములో బిళ్లలు ఇప్పించాడు.

యెరూషలేములో ప్రభువు బల్లకు కూర్చున్నప్పుడు ఆ అంగీతోనే ఆమె వచ్చారు. మాలో ఒక సహోదరుడు బాధపడి నాతో మెల్లగా, "అయ్యగారూ, ఆ బట్టలతో బల్లకు రావచ్చునా?" అన్నాడు. ఆ మాట ఆమె చెవిని పడింది. ఆమె కోపపడలేదు. "బాబూ, ఆ పిల్ల నన్ను చలిలో ఒణకనివ్వలేదు. ఈ బట్టలో ఉంటే ప్రభువు నన్ను గుర్తుపట్టడంటావా?" అన్నారు. ఆ సహోదరుడే లేచి ఆమెను చేయిపట్టి ముందువరుసలో కూర్చోబెట్టాడు.

తిరిగి అమ్మానుకు వచ్చేసరికి పెట్టె వచ్చి ఉన్నది. ఆమె అంగీ మడతపెట్టి ఇవ్వబోతే ఆ స్త్రీ తీసుకోలేదు. అప్పుడు పెట్టెలోనుండి పూతరేకుల డబ్బా తీసి ఆమె చేతిలో పెట్టారు. ఆమె ఒకటి పట్టుకొని అటూ ఇటూ తిప్పి, ఈ కాగితము ఎక్కడ విప్పాలి అని సైగ చేసి అడిగింది! ఇద్దరూ ఎంత నవ్వారో!

శ్రోతలారా, నేను పరదేశినై ఉంటిని చేర్చుకొన్నారు, వస్త్రములు లేకయుంటిని ఇచ్చారు అని ప్రభువు చెప్పుటను మత్తయి 25వ అధ్యాయములో చదువుతాము. ఆ అధ్యాయము ఎన్నడూ చదువని స్త్రీ ఆ పని చేసింది. వారమువారము చదివే మనము ఏమి చేస్తున్నాము? ఇదే నేడు దేవుడు మనలను అడుగుచున్న ప్రశ్న.

ప్రయాణము చేసేవారికి ఇక్కడ ఒక చిన్న మాట. బిళ్లలు, డాక్టరు చీటీ, ఒక జత బట్టలు చేతిసంచిలోనే పెట్టుకొనండి. పెట్టె రాకపోతే విమానాశ్రయము దాటి బయటికి రాకముందే అక్కడి సామాను కౌంటరులో ఫిర్యాదు వ్రాయించి కాగితము తీసుకొనండి. 1999 నాటి మాంట్రియల్ ఒప్పందము ప్రకారము 21 రోజులలో పెట్టె చేరకపోతే అది పోయినట్లే లెక్క, నష్టపరిహారము అడుగవచ్చును. పౌలు కూడా తన సామాను మరువలేదు. తిమోతికి వ్రాసిన రెండవ పత్రికలో, త్రోయలో కర్పు దగ్గర విడిచిన అంగీని, పుస్తకములను తెమ్మని అడిగాడు. చలికాలము రాకముందే రమ్మన్నాడు. పరలోకమును గూర్చి అంత వ్రాసినవానికీ చలికి అంగీ కావలసి వచ్చినది. ఒంటికి కావలసినది అడుగుట అవిశ్వాసము కాదు.

మూడవది, ఆచారము వేరు, విశ్వాసము వేరు. రెంటికీ భేదము తెలిసినవాడే పరాయిచోట ప్రేమగా నడువగలడు.

దేవునియెదుట భక్తిని ఎన్ని రకాలుగా చూపుతారో గమనించండి. యెరూషలేములోని పడమటి గోడ దగ్గరకు వెళ్లే పురుషుడు తలపై టోపీ పెట్టుకోవాలి. లేనివారికి అక్కడే ఇస్తారు. పాశ్చాత్య దేశముల మందిరములో అడుగుపెట్టే పురుషుడు అదే టోపీని తీసివేయాలి. మనము చెప్పులు బయట విడుస్తాము, మన స్త్రీలు కొంగు తలపై వేసుకొంటారు. ఇతియోపియా క్రైస్తవులు కూడా మనవలె పాదరక్షలు విడిచి లోపలికి వెళ్తారు, వారి స్త్రీలు తెల్లని వస్త్రము తలపై కప్పుకొంటారు. ఒకరు పెట్టుకొనుట, ఒకరు తీసివేయుట. గుర్తులు ఎదురెదురు, లోపలి భయభక్తులు ఒక్కటే.

భోజనపు మర్యాద కూడా అంతే. అరబ్బుల ఇంట చిన్న గిన్నెలో కాఫీ పోస్తారు. చాలు అనుకొంటే ఆ ఖాళీ గిన్నెను చేతిలో కొద్దిగా ఊపి ఇవ్వాలి. అది తెలియక మావారిలో ఒకరు మర్యాదకోసము ఆరు గిన్నెలు తాగి రాత్రంతా నిద్రలేక కూర్చున్నారు! మనము విస్తరిమీద చేయి అడ్డుపెడితే చాలని అర్థమైనట్లే అది వారి పద్ధతి. శుక్రవారము సాయంకాలము యెరూషలేము చేరితే, బసలో ఒక లిఫ్టు ఎవరూ నొక్కకుండానే ప్రతి అంతస్తులోనూ ఆగుచున్నది. చెడిపోయిందని మావారు కంగారుపడ్డారు. విశ్రాంతిదినమున మీట నొక్కుట కూడా పని అని యెంచే యూదులకోసము అలా ఏర్పాటు చేశారు. నవ్వుట తేలిక. వారానికి ఒక దినమును ప్రభువుకు అంత జాగ్రత్తగా కాపాడుచున్నామా అని మనలను మనము అడుగుకొనుట కష్టము.

అయితే పరాయి ఆచారములన్నిటికీ తల ఊపవలెనా? పౌలు జీవితములోనే జవాబు ఉన్నది. అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయములో, యూదులకు అభ్యంతరము కలుగకుండునట్లు తిమోతికి సున్నతి చేయించాడు. గలతీయులకు వ్రాసిన పత్రిక 2వ అధ్యాయములో, తీతుకు సున్నతి చేయవలెనన్న ఒత్తిడికి లోబడలేదు. ఒకే పౌలు, ఒకే ఆచారము, రెండు నిర్ణయములు. ఎందుకు? ఒకచోట అది ఎదుటివారిని గెలుచుకొనుటకు ప్రేమ చూపిన మార్గము. రెండవచోట అది లేకుంటే రక్షణ లేదన్నారు. ప్రేమకోసము పౌలు ఎంతైనా వంగుతాడు, క్రీస్తు చేసిన పనికి ఏదైనా చేర్చమంటే ఒక్క గడియ కూడా వంగడు. ఇదే మనకు కొలబద్ద.

ఇప్పుడు మన ఇండ్ల సంగతికి వద్దాము. కోనసీమనుండి, కడప ప్రాంతమునుండి మన అక్కచెల్లెండ్రు ఎందరో కువైటులో ఇండ్లలో పనికి వెళ్లారు. అక్కడి పద్ధతి ప్రకారము నల్లని అబాయా వేసుకొని, వంట చేసి, పిల్లలను పెంచి, ఇక్కడ బిడ్డల చదువులకు డబ్బు పంపారు. అటువంటి చెల్లెలు సెలవుమీద ఇంటికి వచ్చి మందిరములో కూర్చుంటే కొందరు ఆమె బట్టను, మాటను, ఆమె తెచ్చిన వస్తువులను చూసి వెనుక గుసగుసలాడుతారు. అక్కడ ఎలా బ్రతికిందో అంటారు. ఇది సర్పమును చూసి హంతకుడన్న తీర్పు కాదా? ఆమె గదిలో తలుపు వేసుకొని ఎన్ని రాత్రులు ప్రార్థించిందో దేవునికి తెలుసు. సంఘమా, ఆమెకు మంట వేయుము. తీర్పు తీర్చకుము.

అలాగే ఒడిశానుండి తెలంగాణ ఇటుకబట్టీలకు వచ్చే కుటుంబములు ఉన్నాయి. వారి మాట వేరు, కట్టు వేరు, తిండి వేరు. చలికాలపు రాత్రి ఆ గుడిసెలలో బిడ్డలు ఎలా పడుకొంటున్నారో ఒకసారి వెళ్లి చూడండి. ఐగుప్తులో మీరును పరదేశులై యుంటిరి గనుక పరదేశిని మీవలె ప్రేమించుడని లేవీయకాండము 19వ అధ్యాయములో దేవుడు ఆజ్ఞాపించాడు. వాడని దుప్పటి బీరువాలో ఉంచుకొని ఆ మాట చదువుట మనకు తగదు.

మెలితేలో మూడు నెలలు గడిచాయి. ద్వీపములో ముఖ్యుడైన పొప్లి వారిని మూడు దినములు చేర్చుకొని ఆతిథ్యమిచ్చాడు. అతని తండ్రి జ్వరముతో పడియుండగా పౌలు ప్రార్థించి చేతులుంచగా స్వస్థత కలిగింది. ఏమీ లేక వచ్చిన పరదేశి ఆ ఇంటికి ఆశీర్వాదమయ్యాడు. ఓడ ఎక్కు దినమున ద్వీపవాసులు కావలసిన వస్తువులన్నీ తెచ్చి ఓడలో ఉంచారు. ఖాళీ చేతులతో గట్టెక్కినవారిని నిండు చేతులతో సాగనంపిన దేవుడు నేటికీ మారలేదు.

ప్రార్థన చేద్దాము. కృపగల తండ్రీ, పరదేశమందున్న మా బిడ్డలను జ్ఞాపకము చేసికొనుము. వారికి చలిలో మంటవేయు చేతులను, కష్టములో తెరచు తలుపులను దయచేయుము. మా వాకిట నిలుచు పరదేశికి మమ్మును అట్టి చేతులుగా చేయుము. చూపునుబట్టి తీర్పుతీర్చు మనస్సును మాలోనుండి తీసివేయుము. యేసుక్రీస్తు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.