సర్వపిండి అంచు



నన్ను మన జిల్లా సాహిత్యం మీద మాట్లాడమన్నారు. పెద్దలు మన్నించాలి. ఇవాళ మా అక్క కొడుకు గురించి మాట్లాడతాను.

ఇరవై రెండేళ్లవాడు. ఆదివారం పొద్దున క్రికెట్ ఆడొస్తానని పోయాడు. గుండె ఆగిపోయింది. దినాలయ్యేదాకా రోజూ ఎవరో ఒక స్నేహితుడు వచ్చి అరుగు మీద కూర్చునేవాడు. ఏ అర్ధరాత్రి ఎవరికి రక్తం కావాలన్నా వీడు వెళ్లి ఇచ్చేవాడట. హాస్టల్ పిల్లలకు లెక్కలు చెప్పేవాడట. అక్క ఒక్కొక్కరినే అడిగేది, 'ఇంకేం జేస్తుండె బిడ్డా?' అని. కన్నతల్లి కొడుకు సంగతులు పరాయి పిల్లల నోట వింటున్నది. నన్ను కాల్చింది ఆ ప్రశ్న.

దుబాయికి, మస్కట్‌కు పిల్లలను పంపిన ఇళ్లు మనవి. ఫోన్ చేసి 'తిన్నవా?' అంటాం, 'తిన్న' అంటారు, పెట్టేస్తాం. ఆ తర్వాతి మాట అడగం. ఒకే కప్పు కింద ఉన్నవాళ్లనైనా అడుగుతున్నామా?

ఇలా పోయింది మా వాడొక్కడే కాదు. 2023 ఫిబ్రవరిలో నిర్మల్ జిల్లాలో పెళ్లి విందులో చిందేస్తూ చిందేస్తూ ఒక యువకుడు కుప్పకూలాడు. అదే ఏడాది ఆగస్టులో మన కరీంనగర్ జిల్లాలో బడి వేడుకలో ఒక ఆడపిల్ల. పెళ్లి వీడియోను మనం ఒకరికొకరం పంపుకున్నాం గానీ, పడిపోయిన మనిషికి ఏం చేయాలో ఎంతమందిమి నేర్చుకున్నాం? పిలిస్తే పలకక, ఊపిరి సరిగా ఆడకపోతే 108కి ఫోన్ చేయించండి. వెంటనే రొమ్ము నడిమధ్య రెండు చేతులూ పెట్టి, రెండంగుళాలు దిగేటట్టు, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కండి. అంబులెన్స్ వచ్చేదాకా ఆపొద్దు. మా పిల్లవాడి చుట్టూ ఆ రోజు పది మంది ఉన్నారు. నీళ్లు చల్లారు, అరికాళ్లు రుద్దారు. పాపం, వాళ్లకు తెలిసింది వాళ్లు చేశారు. అందుకే ఈ మాట ఇంత గట్టిగా చెబుతున్నాను.

పోయినవాళ్లనూ ఉన్నవాళ్లనూ ఒకేసారి తలచుకోవడం మన నేలకు తెలుసు. ఇంద్రవెల్లి దగ్గర కేస్లాపూర్‌లో పుష్య అమావాస్యకు నాగోబా జాతర. మెస్రం వంశం గోండులు హస్తినమడుగు నుంచి గోదావరి నీళ్లు కాలినడకన తెస్తారు. మర్రిచెట్ల కింద బస చేసి, ఆ ఏడాది పోయినవాళ్ల పేర 'తూమ్' పూజ చేస్తారు. అదే జాతరలో, వంశంలోకి కొత్తగా వచ్చిన కోడళ్లను తెల్లచీరల్లో తీసుకెళ్లి దేవుడికి చూపిస్తారు. దాన్ని భేటింగ్ అంటారు. పోయినవాళ్ల కోసం ఏడ్చిన కళ్లతోనే వచ్చిన పిల్లను చూసుకుంటారు. నేను చూసిన పూజల్లో ఇంతకన్నా పెద్దది లేదు.

మన వైపు పెత్రమాస కూడా అంతే. పొద్దున పెద్దలకు బియ్యమిస్తాం, సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మ ఆడతాం.

మొన్నటి పెత్రమాసకు అక్క ఇంటికి పోయాను. వాడు పోయినప్పటి నుంచి ఆ ఇంట్లో సర్వపిండి చేయలేదు. వాడికి ప్రాణం అది. ఆ రోజు మాత్రం బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, శనగపప్పు, కరివేపాకు వేసి కలిపింది. సర్వగిన్నెకు నూనె రాసి, పిండి అద్ది, వేలితో బొక్కలు పెట్టి, ఒక్కో బొక్కలో నూనె చుక్క వేసింది. కాలిన తర్వాత కరకరలాడే మాడిన అంచు విరిచి, వాడి ఫొటో ముందు పెట్టింది. అది ఎప్పుడూ వాడి వాటా.

వాడి తమ్ముడు, చిన్నోడు, అక్కడే నిలబడి దాన్నే చూస్తున్నాడు. పదో తరగతి పిల్లవాడు.

'ఏంరా, నీకు గూడ అంచే ఇష్టమా?' అన్నది అక్క.

వాడు తల ఊపాడు.

'మరి ఇన్నేండ్లు ఎందుకడగలే?'

'అన్న తింటుండె గదా.'

అక్క సర్వను మళ్లీ పొయ్యి మీద పెట్టింది.