గంట కొట్టిన పది నిమిషాలు
(స్వర్ణోత్సవ సభలో ఒక పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)

కంప్యూటర్ల గురించి పది నిమిషాలు మాట్లాడమని కమిటీవాళ్లు అడిగారు. నా మాట కుళాయిల దగ్గర మొదలవుతుంది. కంగారు పడకండి.

మేం చదివే రోజుల్లో మన బడిలో పిల్లలు 600 మంది, కుళాయిలు 4. విరామం గంట కొడితే అక్కడ తిరునాళ్లే. ఒకరోజు లెక్కల అయ్యవారు తరగతిలో దాన్నే లెక్కగా ఇచ్చారు. ఒక్కొక్కరు నీళ్లు తాగడానికి 15 సెకన్లు. గంటకు ఒక కుళాయి దగ్గర 240 మంది. ఆరు గంటల్లో నాలుగు కుళాయిలకు 5,760 మంది. "అయ్యవారూ, బోలెడన్ని ఉన్నాయి!" అన్నాను. ఆయన నవ్వి, "రోజంతా లెక్కేస్తే ఎట్లరా? గంట కొట్టిన పది నిమిషాలకు లెక్కెయ్యి" అన్నారు. పది నిమిషాల్లో నాలుగు కుళాయిలకు తాగగలిగేది 160 మందే. అందరికీ కావాలంటే 15 కుళాయిలుండాలి.

ఆ లెక్క నాకు అన్నం పెట్టింది. దాన్ని మరిచిపోయిన ఒక్కరోజు తల దించుకున్నాను కూడా.

నేను చేసే పని లోడ్ బ్యాలెన్సర్లది. ఒక వెబ్‌సైటు వెనక చాలా సర్వర్లుంటాయి. వచ్చేవాళ్లను ఏ సర్వర్ ఖాళీగా ఉంటే దానికి పంపే పెద్దమనిషి లోడ్ బ్యాలెన్సర్. ఒకప్పుడు అది విడిగా ఒక పెట్టె. ఇప్పుడు క్లౌడ్‌లో అదీ ఒక వర్చువల్ మెషీనే. దానికి ఎన్ని ప్రాసెసర్లు, ఎంత మెమరీ, ఎంత నెట్‌వర్క్ కావాలో మనమే అడిగి తీసుకోవాలి. తక్కువ అడిగితే కూలుతుంది. ఎక్కువ అడిగితే బిల్లు కూలుస్తుంది.

పన్నెండేళ్ల కిందట బెంగళూరులో ఒక పరీక్షా ఫలితాల సైటు పని నా చేతికి వచ్చింది. ఎవరిదో చెప్పను, తప్పు నాది గనక. ఫలితాల రోజు రద్దీ ఉంటుందని సర్వర్లను 4 నుంచి 20 చేశాను. ముందున్న లోడ్ బ్యాలెన్సర్‌ను మాత్రం రెండు ప్రాసెసర్ల చిన్న మెషీన్‌గానే వదిలేశాను. నెలసరి సగటు చూస్తే అది పదో వంతు కూడా పని చేయడం లేదు. ఉదయం 11 గంటలకు ఫలితాలు వదిలారు. రెండు నిమిషాల్లో సైటు బిగుసుకుపోయింది. వెనక 20 సర్వర్లూ ఖాళీగా గోళ్లు గిల్లుకుంటున్నాయి. ముందున్న మెషీన్ ఊపిరాడక, బాగున్న సర్వర్ల క్షేమం కూడా సమయానికి కనుక్కోలేక, అవి చచ్చిపోయాయని లెక్క రాసుకుంటోంది. పేజీ రాని ప్రతి పిల్లా మళ్లీ మళ్లీ నొక్కుతోంది. నొక్కిన ప్రతిసారీ ఇంకో కొత్త కనెక్షన్.

అప్పుడే చిత్తూరు నుంచి మా అక్క కూతురు ఫోన్ చేసింది. "మామా, సైటు తెరుచుకోవడం లేదు. నేను ఫెయిలయ్యానేమో" అని ఏడుపు. ఆ సైటు నా చేతిలోదని చెప్పడానికి నోరు రాలేదు. సాయంత్రానికి తెరుచుకుంది, అమ్మాయి పాసైంది. కానీ ఆ ఏడు గంటలు ఎన్ని ఇళ్లలో అన్నం ముట్టలేదో అని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఆ తర్వాత నేను లెక్క ఎట్లా వేస్తున్నానో ఈ రంగంలోకి వచ్చే పిల్లల కోసం చెబుతాను. అంకెలు ఉదాహరణకే. గంట కొట్టగానే సెకనుకు 1,000 మంది వస్తారనుకుందాం. ఒక్కొక్కరు 20 సెకన్లు ఉంటారు. అంటే ఏ క్షణం చూసినా లోపల 20,000 మంది. వచ్చే వేగాన్ని ఉండే కాలంతో గుణించడమే. దీన్ని 1961లో జాన్ లిటిల్ నిరూపించాడు. కనెక్షన్‌కు 50 కిలోబైట్లు అనుకుంటే దానికే ఒక గిగాబైటు మెమరీ. ఒక్కొక్కరికి 200 కిలోబైట్ల పేజీ పంపితే సెకనుకు 1.6 గిగాబిట్లు. అదే సమాచారం సర్వర్ నుంచి లోపలికి వచ్చి బయటికి పోతుంది కాబట్టి రెండు వైపులా లెక్కేయాలి. ప్రాసెసర్‌ను అన్నిటికన్నా ఎక్కువగా తినేది మొదటి పలకరింపు, అంటే తాళం మార్చుకునే గుప్తలిపి పని. అందుకే మొత్తం ఎంతమంది అన్నదొక్కటే చాలదు, సెకనుకు కొత్తవాళ్లు ఎంతమంది అని అడగాలి. ఇక రెండు లోడ్ బ్యాలెన్సర్లను వేర్వేరు డేటా సెంటర్లలో పెట్టి, ఒక్కొక్కటి సగానికి మించి నిండకుండా చూడాలి. ఒకటి పడితే రెండోది మొత్తం మోయాలి కదా.

క్లౌడ్ దానంతటదే పెరుగుతుంది కదా అంటారు. పెరుగుతుంది, కొన్ని నిమిషాలకు. జనం వచ్చేది సెకన్లలో. గంట ఎప్పుడు కొడతారో తెలిసినప్పుడు ముందే పెంచి పెట్టుకోవాలి, రద్దీ తగ్గాక దించేయాలి.

ఎంత పెంచినా పెరగనిది ఒకటుంటుంది. తిరుపతివాళ్లకు అది చెప్పనక్కర లేదు. గర్భగుడి ఒక్కటే. అందుకే వైకుంఠం క్యూ కాంప్లెక్స్ రెండులో 31 కంపార్ట్‌మెంట్లు, శ్రీనివాసం, విష్ణు నివాసం, భూదేవి కాంప్లెక్సుల్లో టైంస్లాట్ టోకెన్లు. 300 రూపాయల టికెట్లు ఆన్‌లైన్‌లో వదిలినప్పుడు కూడా తెర మీద ముందు వరుసలోనే నిలబెడతారు. మా భాషలో దాన్ని వెయిటింగ్ రూం అంటాం. డేటాబేస్ కూడా గర్భగుడి లాంటిదే. తలుపు తోయనివ్వకుండా, మీ వంతు ఎప్పుడో చెప్పి కూర్చోబెట్టడం మర్యాద, రక్షణ కూడా. 2025 జనవరి 8న వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల కోసం వచ్చి తిరుపతి తొక్కిసలాటలో ఆరుగురు ప్రాణాలు పోగొట్టుకున్నారు. మా సర్వర్ పడిపోతే మళ్లీ లేపుతాం. మనుషుల వరుసకు ఆ సౌకర్యం లేదు. వరుసను లెక్కేసేవాడి బాధ్యత ఎంతటిదో ఆ రోజు మళ్లీ తెలిసింది.

చివరిగా మన కుళాయిల సంగతి. ఇందాక వెళ్లి చూసొచ్చాను. ఇప్పుడు 6 ఉన్నాయి. పిల్లలు దాదాపు అంతే మంది అని హెడ్మాస్టరు గారు చెప్పారు. మా బ్యాచ్ తరఫున ఇంకో 10 పెట్టిస్తాం. లెక్క ప్రకారం 15 చాలు, పదహారోది ఒకటి చెడిపోతే ఆదుకోవడానికి. ఇంకో మాట. ట్యాంకు నుంచి వచ్చే పైపు ఒక్కటే, అదీ పాత సన్నపుది. కుళాయిలు పెంచి పైపును వదిలేస్తే నేను బెంగళూరులో చేసిన పనే మళ్లీ చేసినట్టు. కాబట్టి లావు పైపులు రెండు వేయిస్తాం.

అయ్యవారూ, ఈసారి గంట కొట్టిన పది నిమిషాలకే లెక్కేశాను. సరిచూసి మార్కులు వేయండి.